డొమైన్ పేరులో కీవర్డు ఉంటే గూగుల్‌లో పైకి వస్తామా?

సభకు నమస్కారం.

కొత్తగా వెబ్‌సైటు పెట్టాలనుకునే వ్యాపారులు తరచుగా ముందు అడిగే ప్రశ్న ఇది: మా సరుకు పేరు, మా ఊరి పేరు కలిపి డొమైన్ (సైటు చిరునామాగా ఉండే పేరు) కొంటే గూగుల్ మొదటి పేజీలో కనిపిస్తామా? జనం వెతికేటప్పుడు వాడే ఇలాంటి మాటలనే కీవర్డులంటారు. ఈ ప్రశ్న వెనుక ఉన్న నమ్మకం గాలిలోంచి పుట్టింది కాదు. 2010 ప్రాంతంలో ఎవరైనా ‘కనిపిస్తారు, కొనండి’ అని సలహా ఇచ్చి ఉంటే వారిని తప్పు పట్టనవసరం లేదు. కానీ అదే సలహాను ఇవాళ కూడా ఇస్తూ, ఏడాదికి వెయ్యి రూపాయలలోపు దొరికే పేరు స్థానంలో లక్షలు పోసి పాత పేరు కొనిపించే మధ్యవర్తులు ఉన్నారు. అందుచేత ఆ నమ్మకం ఎలా పుట్టిందో, ఎందుకు చెల్లకుండా పోయిందో, పేరు వల్ల ఇప్పుడు నిజంగా ఒరిగేది ఏమిటో కొంచెం వివరంగా చెబుతాను.

డొమైన్ పేర్ల వ్యవస్థను 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించారు. అంకెల రూపంలో ఉండే కంప్యూటర్ చిరునామాలకు మనిషికి గుర్తుండే పేర్లు తగిలించడం దాని పని. 1985 మార్చి 15న సింబాలిక్స్ అనే సంస్థ మొదటి డాట్ కామ్ పేరును నమోదు చేసుకున్నప్పుడు వెబ్ లేదు, వెబ్‌ను వెతికే ఇంజనూ లేదు. అంటే ఈ పేర్లు పుట్టింది మనిషి జ్ఞాపకం కోసం. యంత్రం వాటిని చదివి మార్కులు వేయడం చాలా తరువాత వచ్చిపడిన వ్యవహారం.

ఆ మార్కులు ఎలా పడ్డాయో చూస్తే అసలు విషయం బయటపడుతుంది. 1998లో సెర్గీ బ్రిన్, లారీ పేజ్ తమ సెర్చ్ ఇంజన్‌ను వివరిస్తూ ప్రచురించిన పత్రంలో, ఒక పేజీకి ఇతరులు లింకు ఇచ్చేటప్పుడు ఆ లింకు మీద రాసే మాటలకు ప్రత్యేకమైన విలువ ఇచ్చారు. దీన్నే యాంకర్ టెక్స్ట్ అంటారు. ఒక పేజీ తన గురించి తాను చెప్పుకునే దానికన్నా, దానిని చూపిస్తూ పదిమంది వాడే మాటలే దాని స్వభావాన్ని బాగా తెలుపుతాయన్నది అందులోని తర్కం. ఇప్పుడు ఇద్దరు బీమా వ్యాపారులను ఊహించండి. ఒకరు తన ఇంటిపేరుతో సైటు పెట్టారు, మరొకరు ‘చీప్ కార్ ఇన్సూరెన్స్’ అనే మాటలనే డొమైన్‌గా కొన్నారు. మొదటివారికి ఎవరైనా లింకు ఇస్తే దాని మీద ఇంటిపేరు ఉంటుంది. అది ఇంజన్‌కు బీమా గురించి ఏమీ చెప్పదు. రెండోవారి సైటుకు లింకు ఇచ్చేవాడు పేరు రాయక తప్పదు, పేరు రాస్తే కీవర్డు రాసినట్టే. అతను ఆ సైటును మెచ్చుకోకపోయినా, తిట్టడానికే లింకు ఇచ్చినా, ఇంజన్ ఖాతాలో మాత్రం ‘చౌక కారు బీమాకు ఈ సైటు’ అనే సాక్ష్యం ఒకటి జమ అవుతుంది. పేరులోని మాటలకు ఇంజన్ నేరుగా ఇచ్చిన విలువ కొంత ఉంది, నిజమే. కానీ పేరు పుణ్యమా అని లింకుల రూపంలో దొరికిన ఈ లాభం కూడా చిన్నది కాదు, అది పైకి కనిపించేది కాదు. అందుకే చాలామంది ఫలితం చూసి, కారణాన్ని అక్షరాలకే అంటగట్టారు.

దాని పర్యవసానం సంతలో ధరలు పెరగడం. క్విన్‌స్ట్రీట్ అనే అమెరికా సంస్థ 2009లో ఇన్ష్యూర్ డాట్ కామ్‌ను 1.6 కోట్ల డాలర్లకూ, 2010లో ఇన్సూరెన్స్ డాట్ కామ్‌ను 3.56 కోట్ల డాలర్లకూ, అదే ఏడాది కార్ ఇన్సూరెన్స్ డాట్ కామ్‌ను 4.97 కోట్ల డాలర్లకూ కొన్నది. ఆ సొమ్ములో అప్పటికే నడుస్తున్న వ్యాపారం విలువ కూడా కలిసి ఉందని మరువకూడదు. మధ్యవర్తులు ఈ అంకెలు చెప్పేటప్పుడు ఆ సంగతి చెప్పరు. పెద్దవాళ్లు పెద్ద పేర్లు కొంటుంటే, చిన్నవాళ్లు నాలుగైదు మాటలను అడ్డగీతలతో కలిపి వందల కొద్దీ పేర్లు నమోదు చేసుకున్నారు. ఒక్కో దానిలో ఎక్కడి నుంచో ఎత్తిన రెండు పేరాలు, వాటి చుట్టూ ప్రకటనలు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్న సామెతకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఫిర్యాదులు గూగుల్ దాకా వెళ్లాయి. అప్పట్లో ఆ సంస్థ వెబ్‌స్పామ్ (అడ్డదారుల్లో ఫలితాల పైకి ఎక్కే సైట్ల పని పట్టే) విభాగానికి నాయకత్వం వహించిన మ్యాట్ కట్స్, కీవర్డు డొమైన్లకు తాము ఇస్తున్న ప్రాధాన్యం ఎక్కువైందని కొందరు అంటున్నారనీ, దాన్ని కొంత తగ్గించే ఆలోచన ఉందనీ 2011లో వచ్చిన ఒక వీడియోలో చెప్పారు. 2012 సెప్టెంబరు 28న ఆయనే ట్విటర్‌లో, వెతికే మాటలతో అచ్చంగా సరిపోయే పేర్లు పెట్టుకున్న నాసిరకం సైట్లు ఫలితాలలో తగ్గేలా ఒక చిన్న మార్పు వస్తోందని ప్రకటించారు. అమెరికాలో ఇంగ్లీషులో జరిగే వెతుకులాటల్లో 0.6 శాతం మీద దాని ప్రభావం కొట్టొచ్చినట్టు కనిపిస్తుందని కూడా చెప్పారు. ఈ ప్రకటనలో ‘నాసిరకం’ అన్న మాట ముఖ్యం. కీవర్డు ఉన్న డొమైన్లన్నిటికీ శిక్ష పడిందని తరువాత ప్రచారం జరిగింది కానీ, అది సరికాదు. సరుకు ఉన్న సైటుకు పేరు వల్ల నష్టమేమీ రాలేదు. సరుకు లేని సైటుకు పేరు ఒక్కటే ఇస్తున్న ఆసరా పోయింది. మైక్రోసాఫ్ట్ వారి బింగ్ కూడా 2014లో, చిరునామాలలో కీవర్డులు కుక్కిన సైట్లను ఏరివేస్తూ, తమ వెతుకులాటల్లో సుమారు 3 శాతం మీద దాని ప్రభావం పడిందని వెల్లడించింది. పేరులో ఎన్ని మాటలు ఉన్నాయి, ఆ మాటల్లో ఏవేవి జంటగా వస్తున్నాయి వంటివన్నీ అక్కడ గుర్తులుగా పనికి వచ్చాయి.

ఇక ప్రస్తుత స్థితి. గూగుల్ తన ర్యాంకింగ్ వ్యవస్థలను, అంటే ఫలితాల వరుసను నిర్ణయించే వ్యవస్థలను, వివరిస్తూ 2022లో ప్రచురించిన పత్రంలో, డొమైన్ పేరులోని మాటలను కూడా అనేక అంశాల్లో ఒకటిగా పరిశీలిస్తామని ఉంది. అయితే అచ్చంగా వెతికే మాటలకు సరిపోయేలా తయారుచేసిన పేర్లకు అతిగా మార్కులు పడకుండా చూసే వ్యవస్థ ఒకటి ఉందని అక్కడే చెప్పి, ‘బెస్ట్ ప్లేసెస్ టు ఈట్ లంచ్’ అనే మాటలను అడ్డగీతలతో గుచ్చిన పేరును ఉదాహరణగా చూపారు. కొత్తగా సైటు పెట్టేవారి కోసం గూగుల్ రాసి, 2024లో సవరించిన ప్రారంభకుల మార్గదర్శి ఇంకా సూటిగా మాట్లాడుతుంది: డొమైన్ పేరులోనో, చిరునామా మిగతా భాగంలోనో ఉన్న కీవర్డుల వల్ల ర్యాంకింగ్‌కు దాదాపు ఏ ప్రభావమూ ఉండదని అంటుంది. ఒకచోట ‘పరిశీలిస్తాం’ అని, మరొకచోట ‘ప్రభావం లేదు’ అని ఉండడం చూసి, కంపెనీ రెండు నాల్కలతో మాట్లాడుతోందని విసుక్కునేవారు ఉన్నారు. నాకైతే అందులో వైరుధ్యం కనిపించదు. పేజీ శీర్షికలో ఆ మాట ఉంది, ఉపశీర్షికలో ఉంది, పాఠంలో పదిచోట్ల ఉంది, బొమ్మ కింద రాసిన వివరణలో ఉంది. ఇన్నిచోట్ల చెప్పాక డొమైన్ కూడా అదే మాట చెబితే ఇంజన్‌కు కొత్తగా తెలిసేదేమీ ఉండదు. పేజీలో ఆ సంగతే లేకుండా పేరులో మాత్రమే ఉంటే, అలాంటి సైటును ఏరివేయడానికే పైన చెప్పిన వ్యవస్థ ఉంది. కాబట్టి అవసరం ఉన్నచోట పేరు పనికిరాదు, పనికి వచ్చేచోట దాని అవసరం లేదు.

మరి కీవర్డు పేర్లున్న సైట్లు మొదటి పేజీలో కనిపిస్తున్నాయి కదా అని మీరు అడగవచ్చు. కనిపిస్తాయి. నౌకరీ డాట్ కామ్ 1997లో మొదలైంది. ఉద్యోగం అనే అర్థం తప్ప ఆ పేరులో మరేమీ లేదు. కానీ దాన్ని పైన నిలబెట్టింది ఇన్నేళ్లలో పోగుపడిన ఉద్యోగ ప్రకటనలు, దానికి అలవాటు పడిన జనం, దానికి వచ్చిన లింకులు. మంచి సామాన్య నామాలు, అంటే వస్తువునో పనినో చెప్పే అందరి మాటలు, ముందుగా వచ్చినవాళ్లకు దొరికాయి, ముందుగా వచ్చినవాళ్లు ఎక్కువ కాలం పనిచేశారు. ఇవాళ వారి పేరును చూసి, వారి పాతికేళ్ల పనిని చూడకపోతే లెక్క తప్పుతుంది. పంచాంగం కోసం వెతికే తెలుగువారిలో ఎందరో దృక్ పంచాంగ్ సైటుకు వెళతారు. ఆ పేరులోనూ కీవర్డు ఉంది. కానీ తిథి, నక్షత్రం, వర్జ్యం మన ఊరి సూర్యోదయాన్ని బట్టి లెక్కకట్టి ఇవ్వకపోతే, హ్యూస్టన్‌లో ఉన్నవారికి హ్యూస్టన్ లెక్క చూపించకపోతే, ఆ పేరుతో ఎవరికి పని?

కీవర్డు పేరుకు ఉన్న ఒక నష్టం గురించి మనవాళ్లు తగినంతగా ఆలోచించరు. సెర్చ్ ఇంజన్‌లో జనం రెండు రకాలుగా వెతుకుతారు: కొందరు వస్తువు కోసం, కొందరు ఫలానా సంస్థ కోసం. ఎవరైనా ‘రెడ్‌బస్’ అని టైపు చేస్తే, వారికి కావలసింది 2006లో ఫణీంద్ర సామ, ఆయన మిత్రులు స్థాపించిన ఆ సంస్థే అని ఇంజన్‌కు సందేహం లేకుండా తెలుస్తుంది. ఎర్రరంగు బస్సుల బొమ్మలు చూపించి ఊరుకోదు. అదే మీ సంస్థ పేరు ‘హైదరాబాద్ కేటరింగ్’ అనుకోండి. మీ దగ్గర పెళ్లి భోజనం తిన్న అతిథి ఇంటికి వెళ్లి మిమ్మల్ని వెతుక్కుంటూ ఆ రెండు మాటలూ టైపు చేసినా, అతనికి కావలసింది మీరేనని ఇంజన్‌కు తెలియదు. హైదరాబాదులోని వంటవాళ్లందరినీ వరుసగా పెట్టి మిమ్మల్ని ఏడో స్థానంలో చూపిస్తుంది. మీరు సంపాదించుకున్న పేరును వెతుకులాటలో మీరే వాడుకోలేని స్థితి అది. సొంత పేరు గల చిన్న సంస్థకు తన పేరు మీద జరిగే వెతుకులాటలోనైనా మొదటి స్థానం దాదాపు ఖాయం; సామాన్య నామం పెట్టుకున్నవారు ఆ ఒక్క చోట కూడా పోటీ పడాలి.

చిరునామాను చూసి జనం నొక్కుతారన్న వాదన కూడా పలచబడింది. 2022 అక్టోబరు నుంచి గూగుల్ మొబైల్ ఫలితాలలో సైటు పేరును, దాని చిన్న గుర్తును ప్రస్ఫుటంగా పైన చూపిస్తోంది. డొమైన్‌లోని అక్షరాలకన్నా మీరు సైటుకు పెట్టుకున్న పేరే ముందుగా కంటపడుతుంది. ఇక ఒకే ఊళ్లో వ్యాపారం చేసుకునేవారికి మ్యాప్స్‌లో దుకాణం వివరాలు చూపే బిజినెస్ ప్రొఫైల్ ముఖ్యం. అక్కడ వెతికిన మాటతో పొందిక, దూరం, ప్రాముఖ్యం అనే మూడింటిని బట్టి వరుస నిర్ణయమవుతుందని గూగుల్ చెబుతుంది. అక్కడ కూడా బోర్డు మీద లేని కీవర్డులను సంస్థ పేరుకు తగిలించడం నిబంధనలకు విరుద్ధం. చాలామంది తగిలిస్తున్నారు, అది వేరే సంగతి.

న్యాయస్థానాల దృష్టిలో సామాన్య నామం ఎంత బరువు మోయగలదో కూడా తెలుసుకోవాలి. అమెరికా సుప్రీంకోర్టు 2020 జూన్ 30న బుకింగ్ డాట్ కామ్ వ్యాజ్యంలో, సామాన్య నామానికి డాట్ కామ్ చేరిన మాత్రాన అది ట్రేడ్‌మార్కుకు అనర్హం కాదని 8-1 మెజారిటీతో తీర్పు చెప్పింది. అయితే అక్కడ నెగ్గింది మాట కాదు, జనం మనసులో దానికి ఏర్పడిన అర్థం. సర్వేలో 74.8 శాతం మంది అది ఒక బ్రాండ్ అని గుర్తించారన్నది ఆ వ్యాజ్యంలో కీలక సాక్ష్యాల్లో ఒకటి. పైగా తమ మార్కు బలహీనమైనదేనని ఆ సంస్థే ఒప్పుకుంది. మన దేశంలో 2002లో ఢిల్లీ హైకోర్టు, నౌకరీ డాట్ కామ్‌కు ఒక అక్షరం అటూ ఇటూగా పేరు పెట్టుకున్నవారిని నిలువరించింది. 2016లో బొంబాయి హైకోర్టు మాత్రం, సెకండ్ షాదీ డాట్ కామ్ మీద షాదీ డాట్ కామ్ యజమానులు కోరిన ఉత్తర్వు ఇవ్వడానికి నిరాకరించింది. షాదీ అనేది అందరిదీ అయిన మాట అన్నది అందుకు కారణం. ఎవరైనా తెలుగులో పెళ్లి, వార్త, ఆస్తి, ఆవకాయ వంటి మాటతో డొమైన్ కొనేటప్పుడు, రేపు పక్కవాడు దానికి ముందో వెనకో ఒక మాట చేర్చి సైటు పెడితే ఆపగలమా అని ఆలోచించుకోవాలి.

తెలుగు మాటల విషయంలో మరొక చిక్కు ఉంది. ఇది ఇంగ్లీషు కీవర్డులు కొనేవారికి లేనిది. కోనసీమ జిల్లా ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ రెండు మాటలను రోమన్ లిపిలో ఎలా రాస్తారు? మొదటి ‘ఆ’కు ఒక ‘ఏ’ రాసేవారు ఉన్నారు, రెండు రాసేవారు ఉన్నారు. ‘త్రే’కు ‘టీ’ తరువాత ‘హెచ్’ పెట్టేవారు, పెట్టనివారు. ‘పూ’కు రెండు ‘ఓ’లు వాడేవారు, ఒక్క ‘యూ’తో సరిపెట్టేవారు. ‘త’ దగ్గర మళ్లీ ‘హెచ్’ తగాదా. నాలుగు చోట్ల రెండేసి దారులు ఉంటే మొత్తం 16 రూపాలు. వీటిలో ఏది కొంటే అచ్చంగా సరిపోయినట్టు? ఏది కొన్నా, మిగిలిన 15 రూపాల్లో వెతికేవారికి మీ డొమైన్ అక్షరాలు కలవవు. తెలుగు లిపిలోనే టైపు చేసేవారికీ, ఫోన్‌తో నోటిమాటగా చెప్పి వెతికేవారికీ అసలే కలవవు. వీరందరినీ ఒకేచోటికి చేర్చేది పేరు కాదు. ఆ వేర్వేరు రూపాలన్నీ ఒకే వస్తువును సూచిస్తాయని వాడుకను చూసి ఇంజన్ నేర్చుకున్న జ్ఞానం, మీ పేజీలో తెలుగు లిపిలో సరిగా రాసిన పాఠం.

తెలుగు లిపిలోనే డొమైన్ తీసుకోవచ్చు కదా అంటే, తీసుకోవచ్చు. మన దేశపు డాట్ ఇన్, డాట్ భారత్ డొమైన్ల వ్యవహారం చూసే నిక్సీ సంస్థ 2014లో దేవనాగరితో మొదలుపెట్టి డాట్ భారత్ పేర్లను మన లిపిలో కూడా ఇస్తోంది. ఇలాంటి పేరును కంప్యూటర్లు లోలోపల ‘ఎక్స్ ఎన్’ అనే రెండు అక్షరాలు, రెండు అడ్డగీతలతో మొదలయ్యే రోమన్ రూపంలోకి మార్చుకుంటాయి. ఈ రెండు రూపాలనూ సమానంగానే చూస్తామని గూగుల్ 2015లో స్పష్టం చేసింది. లాభమూ లేదు, నష్టమూ లేదు. ఆచరణలో ఒక ఇబ్బంది మాత్రం చిరునామాలో డొమైన్ తరువాత ఉండే మిగతా భాగంలో వస్తుంది. ‘పూతరేకులు’ అనే మాట యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లు అన్ని లిపులకూ వాడే సంకేతాల పట్టికలో, 9 సంకేతాలు. ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు, చిరునామాల పద్ధతిలో ఒక్కో బైటును శాతం గుర్తుతో రాస్తే 3 అక్షరాలు. వెరసి ఆ ఒక్క మాట 81 అక్షరాల గందరగోళంగా మారుతుంది. ఆ లింకును వాట్సాప్‌లో పంపితే, చూసినవారు మోసపు లింకేమోనని జంకుతారు. తెలుగు సైట్లు చాలావరకు చిరునామాను రోమన్ లిపిలో ఉంచి, శీర్షికను తెలుగులో పెట్టడం ఇందుకే.

డాట్ తరువాత వచ్చే భాగం మీద కూడా అపోహలు ఉన్నాయి. డాట్ గురు వంటి కొత్త పొడిగింపుల్లోని మాటల వల్ల ర్యాంకింగ్‌లో లాభనష్టాలు లేవని గూగుల్ 2015 నాటి వివరణలోనే ఉంది. తేడా వచ్చేది దేశాల పొడిగింపుల్లో. డాట్ ఇన్ పెట్టుకుంటే ఆ సైటు భారతదేశంలోని వారి కోసమని ఇంజన్ అర్థం చేసుకుంటుంది. విజయవాడలో చీరలు అమ్మేవారికి అది మేలే. డల్లాస్‌లో ఉంటూ అక్కడి తెలుగువారికి సంగీతం నేర్పేవారికి అది తగదు. వారికి డాట్ కామ్ మంచిది.

ఇప్పటికే కీవర్డు డొమైన్ కొని వాడుతున్నవారు దాన్ని వదిలించుకోవాలా అన్నది చివరి సంగతి. అక్కరలేదు. జనం దానికి అలవాటు పడి ఉంటే అలాగే ఉంచండి. సొంత పేరుకు మారదలచుకుంటే మాత్రం, పాత చిరునామాలో ఉన్న ప్రతి పేజీని కొత్త చిరునామాలోని అదే పేజీకి శాశ్వతంగా మళ్లించాలి; అన్నిటినీ తీసుకెళ్లి ముఖపత్రం మీద పడేస్తే ఇన్నాళ్లూ వచ్చిన లింకుల విలువ చాలావరకు పోతుంది. ఈ మళ్లింపును కనీసం ఏడాదైనా ఉంచమని గూగుల్ సలహా. నేనైతే ఆ పేరును అసలు వదలవద్దంటాను. గడువు తీరి ఎవరికీ చెందకుండా పోయిన పేర్లను కొని, వాటి పాత పరువును వాడుకుని జూదం, మందుల ప్రకటనలు నింపే దందా ఎంత పెరిగిందంటే, 2024 మార్చిలో గూగుల్ దాన్ని స్పామ్ నిబంధనల్లో ప్రత్యేకంగా చేర్చవలసి వచ్చింది. మీ దుకాణం పేరు నిన్నటిదాకా ఉన్న చిరునామాలో రేపు ఏం కనబడుతుందో అన్న బెంగ లేకుండా ఉండడానికి, ఆ పాత పేరు మీద ఏటా కట్టే కొద్దిపాటి రుసుము ఆపకండి. డొమైన్ నమోదు చేసిన సంస్థ (రిజిస్ట్రార్) దగ్గర ఆటోమేటిక్ రెన్యువల్ పెట్టి, ఆ ఖాతాకు ఇచ్చిన ఈమెయిల్ ఇప్పటికీ పనిచేస్తోందో లేదో ఒకసారి చూసుకోండి.

ఇక మీ ప్రశ్నలు అడగవచ్చు.